ట్రబుల్ కోసం మొక్కు

మొన్న పొద్దున్నే మా మనవడి బండి మొండికేసింది. "ట్రబుల్ ఇస్తాంది అవ్వా, ఈ పొద్దు పనికి పోయేది లేదు" అని వాడు విసుక్కుంటే నాకు లోపల్లోపల సంతోషమైంది. ఆ మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

మా అమ్మ ఆదోనిలో పత్తి మిల్లుకు కూలికి పోయేది. నేను లేవకముందే పోయి, దీపాలు పెట్టినాక వచ్చేది. ఒకనాడు మట్టమధ్యాహ్నమే వాకిట్లో నిలబడింది, తలంతా దూది.

"ఏమ్మా, అప్పుడే వస్తివి?"

"మిషన్‌కు ట్రబుల్ వచ్చిందంట పాపా. అందర్నీ పొమ్మన్నారు."

ఆ పూట నాకు తల దువ్వి రెండు జడలేసింది. ఆమె తలలో దూది నేను ఏరుతుంటే, "మెల్లగా, కోతిపిల్లా" అని నవ్వింది. ట్రబుల్ అంటే పండగలాంటిదేదో అనుకున్నాను.

శ్రావణమాసంలో ఉరుకుంద పోయినప్పుడు ఈరన్న స్వామి ముందర గట్టిగా మొక్కినాను. "సామీ, మా అమ్మ మిల్లుకు దినామూ ట్రబుల్ ఇయ్యి!"

మాతో వచ్చిన మిల్లు ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. "నీ బిడ్డ మన నోట్లో మన్ను కొడతాంది కదమ్మే!" అనింది ఒకామె.

అమ్మ నా నోరు మూసింది. "మిషన్ నిలిస్తే కూలి ఇయ్యరు పాపా. ఏం తింటాం?"

నాకు ఏడుపొచ్చింది. అమ్మ నన్ను కాసేపు చూసి మళ్లీ చేతులు జోడించింది.

"సామీ, పిల్లది తెలీక అడిగింది. దినామూ వద్దు. నెలకొక్కసారి ఇయ్యి, సాలు."

మొన్న మనవడు నా పక్కనే కూచుని జొన్నరొట్టె తిన్నాడు. వాడి కూలి పోయిందని నాకు తెలుసు. అయినా సాయంత్రం దాకా బండి బాగుకావాలని మొక్కలేదు.