మెట్లు దిగిన ఒప్పందం

విజయవాడ కోర్టుల వెనక సందులో జాబ్ టైపింగ్ చేసే ఒక భాయ్ ఉండేవారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఒక లాయరు గారు పంపే దస్తావేజుల మీదే ఆయన ఇల్లు గడిచేది. తొంభైల చివర్లో, నేను కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకునే రోజుల్లో, ఆయన కంప్యూటర్ని వైరస్ తినేసింది. అందులో ఉన్న విండోస్ మళ్లీ లోడ్ చేసి ఇస్తే సరిపోయేది. ఆయన అడిగిందీ అంతే. నేను మాత్రం విండోస్ తీసేసి దాని బదులు లైనక్స్ పెడదామని, ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పట్టుకుని వెళ్లాను.

"ఇందులోకి వైరస్ రాదు భాయ్. పెద్ద పెద్ద కంపెనీలు ఇదే వాడతాయి."

"నాకు పెద్ద కంపెనీ ఎందుకు మాస్టారూ, ప్రింటొస్తే చాలు," అన్నారాయన.

అప్పటికి నేను లైనక్స్‌లో ఒక్క ప్రింటరు కూడా పెట్టి ఎరగను. ఆ సంగతి చెప్పలేదు. ఆదివారమంతా పుస్తకం ముందేసుకుని, ప్రింటరు పేరూ అది తగిలించిన పోర్టూ ఒక ఫైల్లో రాశాను. సాయంత్రానికి 'టెస్ట్' అని ఒక్క ముక్క పంపితే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గర్రుమని అచ్చేసింది.

"ఒక పేజీ నిండా కొట్టి చూద్దామా?" అన్నారు భాయ్.

"ఒకటి వస్తే అన్నీ వస్తాయి," అన్నాను.

మర్నాడు పొద్దున నా పనితనం చూసుకుందామని వెళ్లాను. పెడన నుంచి నేతపని చేసే అన్నదమ్ములిద్దరు వచ్చి ఉన్నారు. ఇంటి పంపకం దగ్గర ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లు. లాయరు గారే ఎలాగో ఒప్పించి తీసుకొచ్చారు. పదకొండున్నరకి వర్జ్యం, ఆ లోపే ఒప్పందం మీద సంతకాలు పడాలన్నారు. అన్నదమ్ముల్లో పెద్దాయన పేరు మీద కొన్న రెండు స్టాంపు కాగితాలూ బల్ల మీద ఉన్నాయి.

భాయ్ మొదటి కాగితం ఎక్కించారు. శీర్షిక చక్కగా పడింది. కింది వరుస మాత్రం శీర్షిక ఆగిన చోటు నుంచి మొదలైంది. ఆ కిందిది ఇంకా కుడికి జరిగింది. మాటలు మెట్లు దిగినట్టు దిగి, అంచుకు తగిలి విరిగి, ఎక్కడపడితే అక్కడ పడుతున్నాయి.

"ఆపండి, ఆపండి!" అని లాయరు గారు అరిచారు. ఎలా ఆపాలో నాకు తెలియదు. ప్రింటరు స్విచ్ కట్టేశాను. "కాగితం మార్చండి భాయ్," అన్నాను. ఆయన రెండోది ఎక్కించి స్విచ్ వేయగానే, కంప్యూటరు తన దగ్గర మిగిలిందంతా దాని మీద కూడా అలాగే కుమ్మరించింది. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

తమ్ముడు నవ్వాడు. "మన ఇల్లులాగే ఉందన్నయ్యా, ఏ వాటా ఎటుందో తెలవట్లా."

"నవ్వకురా. స్టాంపు కాగితమే వద్దంటంది. ఇవాళ్టికి ఒద్దులెండి లాయరు గారూ, వర్జ్యం కూడా వచ్చేస్తంది," అని పెద్దాయన లేచాడు.

లాయరు గారు భాయ్ వైపు తిరిగారు. "రెండేళ్లు తిరిగి ఒప్పించానయ్యా వీళ్లని. ఏం చేశావ్?"

భాయ్ నా వైపు చూశారు.

"కాగితం వంకరగా ఎక్కిందేమో భాయ్," అన్నాను.

అది కారణం కాదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అసలు కారణం దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. లైనక్స్ పెట్టిన కంప్యూటరు వరుస అయిపోగానే ప్రింటరుకి 'కిందికి దిగు' అని మాత్రమే చెబుతుంది. 'మళ్లీ ఎడమ అంచుకు రా' అని మనం విడిగా చెప్పించాలి. ఒక్క వరుసతో పరీక్షిస్తే ఆ లోపం ఎన్నటికీ బయటపడదు. ఆ మాట కూడా చెప్పే చిన్న ప్రోగ్రాం రాసి తగిలించాక పేజీలు ముత్యాల్లా వచ్చాయి. అచ్చు వేయడానికి దస్తావేజులే రాలేదు. లాయరు గారి గుమస్తా వాటిని పట్టుకుని పక్క వీధి షాపుకి వెళ్తున్నాడు.

"నేనొకసారి లాయరు గారితో మాట్లాడతాను భాయ్," అన్నాను.

"ఎందుకు మాస్టారూ, నేనెళ్లి దణ్ణం పెట్టి వచ్చాగా. పొరపాటు నాదేనండీ అని చెప్పా. కాగితం వంకరగా పెట్టింది నేనేగా? మీరు ఆదివారం కూడా పోగొట్టుకుని చేసి పెట్టారు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

నేను ఔనన్నట్టు తల ఊపాను.