మోడెమ్‌కు పెట్టిన బొట్టు

బొంతపల్లి దారిలో, మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత నాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మా అటెండరు మాత్రం చల్లని మనిషి, పొలం చేసుకుంటూనే ఫ్యాక్టరీలో చేరిన పెద్దాయన. అందరం కాకా అని పిలిచేవాళ్లం.

దసరా ముందురోజు ఆయుధ పూజ ఆయన చేతిమీదుగానే జరిగేది. ప్రతి మిషనూ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టేవాడు. ఆ ఏడు నా గదిలోకీ వచ్చి మోడెమ్ వైరు పీకాడు. శ్రద్ధగా తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ తగిలించాడు.

ఇంటర్నెట్ కంపెనీ మా కంప్యూటర్లకు చిరునామాగా ఇచ్చేది ఒకే మొదలున్న కొన్ని నంబర్ల వరుస. లైను తెగి కలిస్తే ఆ మొదలే మారి నంబర్లన్నీ కొత్తవైపోయేవి. పేరు అడిగితే నంబరు చెప్పే జాబితాను నేనే దిద్దుకునేవాణ్ణి. నంబరు అడిగితే పేరు చెప్పే జాబితా ఇంకొకటి, అది కంపెనీవాళ్ల చేతిలో. ఫోన్ చేసి మార్పించుకోవాలి. విదేశంలో మా సరుకు కొనేవాళ్ల మెయిల్ మిషను ఆ రెండోది చూసి, పేరు కలవకపోతే మెయిల్‌ను గుమ్మంలోంచే తిప్పిపంపేది.

ఆ రోజు కాక వైరు పీకడంతో నంబరు మారి, మెయిల్లో పంపిన మా ల్యాబ్ నాణ్యత సర్టిఫికెట్ అలాగే తిరిగొచ్చింది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పండగ సెలవు. సర్టిఫికెట్ అందందే కదలని కంటైనర్ లారీ సరుకుతో గేటు దగ్గరే ఉండిపోయింది. నేను కాక మీద అందరి ముందూ విరుచుకుపడ్డాను. ఆయన కుంకుమ పళ్లెం తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు కాక బాయిలర్‌కు, తూకానికి, చివరికి టీ ఫ్లాస్కుకు కూడా బొట్టు పెట్టాడు. నా గది గడప మాత్రం తొక్కలేదు.

"నా గదికి రావా కాకా?" అన్నాను.

"వద్దు సార్. మీ దేవుడు జెర కోపిష్టోడు. దూరంకెల్లి దండం పెట్టిన."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని సిగ్గుతో చచ్చిపోయాను. కిరాయి ఇల్లు మారినవాడు తన కొత్త చిరునామా తానే వెళ్లి చెప్పుకోవాలి. అది నా మిషనుకు నేర్పించని నేను ఆయన్ని తిట్టడమేమిటి?

ఆ చలికాలమంతా కంపెనీ ఇంజనీరు వెంటపడ్డాను. మా మిషను రహస్య సంకేతం చూపిస్తే చాలు, దాని మాట ప్రకారం రెండో జాబితా మారేలా ఒప్పించాను. ఇక నంబరు మారగానే కొత్తదాని మీద తన పేరు అదే రాయించుకునేది. పాతదాని మీద తుడిపించడం మొదట్లో నేను మరిచిపోయాను. ఆ నంబరు దక్కిన పటాన్‌చెరు టైర్ల దుకాణం వారంపాటు మందుల ఫ్యాక్టరీ పేరుతో చలామణీ అయింది. అదీ సరిచేశాను.

మూడో దసరాకు కాకను నేనే చెయ్యి పట్టుకుని నా గదికి తీసుకొచ్చాను. ఆ రోజు కూడా ఒక కంటైనర్ సర్టిఫికెట్ కోసమే ఎదురుచూస్తోంది.

"పీకు కాకా."

"మళ్ల పరేషాన్ అయితదేమో సార్."

"కాదు. అప్పుడు తప్పు నీది కాదు, నాది. నేను గట్ల అనేది లేకుండె."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. వైరు తీసి, తుడిచి, బొట్టు పెట్టి, తగిలించాడు. లైట్లు వెలిగాయి, కొత్త నంబరు వచ్చింది. కాసేపాగి సర్టిఫికెట్ పంపాను. ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. ఏదీ తిరిగిరాలేదు. కొంతసేపటికి బయట కంటైనర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. నా ప్రాణం కుదుటపడింది.

కాక పళ్లెంలో మిగిలిన కుంకుమ వేలికి అద్దుకుని నా నుదుటన పెట్టాడు.

"గీ ఒక్క కోపం మిషనే మిగిలుండె సార్. ఇగ అయిపాయె."