తెల్వదని చెప్పిన సర్వరు

వరదలో అలంపూర్ ఆఫీసు మునిగాక, విత్తనాల కంపెనీ అక్కడి పనంతా గద్వాలకు తెచ్చింది. పాడైపోయిన కంప్యూటర్లకు బదులు గద్వాలలోని ఒకే పెద్ద యంత్రంలో కొన్ని భాగాలు వేటికవే విడి కంప్యూటర్లలా నడిచే ఏర్పాటు చేసింది. వాటన్నిటి బాగోగులు కనిపెట్టే సర్వరును చూసుకునే పని కృపది. గోపాల్‌పేట కూలీల బిడ్డ ఆమె. వనపర్తి హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదివింది.

ఆ చలికాలం ఒక ఉదయం సర్వరు తెరపై ఎర్రగుర్తు పడింది. యంత్రాల ఆరోగ్య సమాచారం అందడం లేదని దాని సారాంశం. అలంపూర్ నుంచి వచ్చిన గుమాస్తా తిమ్మప్ప అది చూసి ఆగిపోయాడు. వరదలో ఇల్లూ గొడ్లూ పోగొట్టుకున్న మనిషి.

“మళ్ల అన్నీ పోతయా ఏంది బిడ్డా?”

“జర ఆగు కాకా, చూస్తున్న” అంది కృప.

మేనేజరు రాఘవేందర్ కూడా వచ్చాడు. “మిషన్లన్నీ నడుస్తున్నయి కద కృపా. ఆ గుర్తు తీసెయ్. అందరు ఊకే పరేషాన్ అయితుండ్రు.”

తీసేయడం తేలికే. అయినా ఆమెకు చేయి రాలేదు. చిన్నప్పుడు తల్లి ఎస్తేరమ్మ రోడ్డు పనులకు బొంబాయి వైపు వెళితే నెలల తరబడి కబురుండేది కాదు. “బాగనే ఉంటది, నువ్వు తిను” అనేది అవ్వ. కృపకు ముద్ద దిగేది కాదు. తల్లి కాలు విరిగి అక్కడి దవాఖానలో పడి ఉందన్న సంగతి, ఆమె కుంటుతూ ఇంటికొచ్చిన రోజునే తెలిసింది.

“అది రోగమొచ్చిందంటలేదు సార్. ఎట్లుందో తెల్వదంటుంది. ఎందుకు తెల్వదో చూస్త.”

రాఘవేందర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. సమాచారం పంపే సర్వీసు నడుస్తూనే ఉంది. నెట్‌వర్కూ సరిగానే ఉంది. మరి ఆ సమాచారం కోసం తెర అడుగుతున్నది ఎవరిని? కృప సెట్టింగులు తెరిచి, అడిగే చిరునామాను పైకి చదివింది. రాఘవేందర్ నుదురు కొట్టుకున్నాడు.

“అది పాత పేరు! అలంపూర్ మిషన్లను కలిపినంక సర్వరు పేరు నేనే మార్చిన. గీడ మార్చుడు యాది మరిచిన.”

కొత్త పేరు రాసి సర్వీసును మళ్లీ మొదలుపెట్టారు. ఎర్రగుర్తు పోయింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకునేలోగా దాని చోట పసుపు గుర్తు పడింది. డేటాబేస్ ఉన్న డిస్కు నిండిపోవస్తోంది. సమాచారమే అందనప్పుడు ఈ సంగతి చెప్పేవారెవరు?

“ఆ గుర్తు తీసేసుంటే ఇది కండ్లబడకపోతుండె” అన్నాడు రాఘవేందర్, తనలో తాను అన్నట్టు. తర్వాత ఇద్దరూ కలిసి అక్కర్లేని పాత రికార్డులు తొలగించి డిస్కులో చోటు పెంచారు.

భోజనాల వేళ తిమ్మప్ప మళ్లీ వచ్చాడు. “అంతా బాగైందా బిడ్డా?”

అంతా బాగుందని చెప్పి పంపేయవచ్చు. కృప అలా చెప్పలేదు. “ఒకటి బాగైంది కాకా. దాని ఎనక ఇంకోటి బయటపడ్డది, గదీ సరిచేసినం. రేపు మళ్ల చూడాలె.”

“వరదొచ్చిన నాడు మాకెవ్వరు గిట్ల ఉన్నదున్నట్టు చెప్పలే” అన్నాడు తిమ్మప్ప నెమ్మదిగా. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి, పత్తి విత్తనాల నిల్వలు తెరిచి పనిలో పడ్డాడు.