తోడల్లుడి పొడి, నా కిడ్నీలు

తోడల్లుడి మీది కుళ్ళుకు నా రెండు కిడ్నీలనూ దాదాపు బలిచ్చిన కథ ఇది. నవ్వదలచినవాళ్ళు ఇప్పటినుంచే నవ్వవచ్చు.

ఇనుప ఖనిజం ధర ఆకాశంలో ఉన్న రోజులు. యశ్వంతనగర్ దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జిలో నేను గుమాస్తాను. నా భార్య సువర్ణకు అక్క మొగుడు గాదిలింగన్న. ఆయనకు ఎనిమిది లారీలు. వాటిని రోజూ తూచేది నేనే. అది చాలదన్నట్టు నలభై ఐదేళ్ళ వయసులో ఆయనకు కండలొచ్చాయి. బెంగుళూరు నుంచి ప్రోటీన్ పొడి తెప్పించుకుని తాగుతున్నాడట.

"బావను సూడు, ఎట్లుండాడో!" అంది సువర్ణ, మామూలుగానే. నాకు గొంతులో ఎర్రదుమ్ము పోసినట్టయింది.

మర్నాడే హొసపేటలో అదే డబ్బా కొన్నాను. ఆయన ఒక చెంచా తాగితే నేను మూడు. వేబ్రిడ్జి వెనక ఖనిజం రాళ్ళెత్తాను. కండలు రాలేదు, నడుంనొప్పి వచ్చింది. మందుల షాపుకు వెళ్ళి నొప్పి మాత్రలడిగాను.

"వేరే మాత్రలేమన్నా తింటాండావాప్పా?"

"ఏమీ లేదు." బీపీ మాత్ర సంగతి చెబితే ముసలివాణ్ణనుకుంటాడని.

నెల తిరక్కుండానే లావయ్యాను.

"సూడు, ఒళ్ళొస్తాండాది," అన్నాను సువర్ణతో గర్వంగా.

"ఒళ్ళు కాదు, వాపు. కాలు నొక్కితే గుంట పడతాండాది. నడువు ఆస్పత్రికి!"

ఏమేం తింటున్నావని డాక్టరు అడిగితే, "బీపీ మాత్రొకటే సార్," అన్నాను. సువర్ణ ఇంటినుంచి తెచ్చిన సంచీలోని డబ్బా, మాత్రలు ఆయన బల్ల మీద కుమ్మరించింది.

"యాకప్పా, ఎందుకు దాచిపెడ్తివి? బీపీ మాత్ర మీద దినామూ నొప్పి మాత్ర, ఆపైన ఈ పొడి, ఎండలో నీళ్ళు తాగకుండా పని. కిడ్నీ ఏమన్నా నీ లారీనా, ఓవర్‌లోడు ఎయ్యను?"

"లారీలు నావి కాదు సార్, గాదిలింగన్నవి," అన్నాను. అక్కడ కూడా అదే ధ్యాస.

"ఇంకొంచెం ఆలస్యమైతే డయాలసిస్," అన్నాడాయన. సువర్ణ ఏడ్చింది. అప్పుడు భయం వేసింది.

గాదిలింగన్న చూడడానికి వచ్చాడు. "రక్తం, మూత్రం పరీక్ష చేపిచ్చి, డాక్టరు సరే అన్నంకనే నేను తాగింది. నన్ను ఒక మాట అడిగింటే చెప్తాంటి కదప్పా!"

అడగవచ్చు. అడిగితే కుళ్ళు బయటపడదూ?

పొడి, నొప్పి మాత్రలు మానిపించాక నా కిడ్నీలు మెల్లగా కోలుకున్నాయి. ఇదంతా జరిగిన చాలా ఏళ్ళకు గాదిలింగన్న గుండెపోటుతో పోయాడు, ఇప్పటికి రెండేళ్ళు.

కనుక సకల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరిని చూసి కుళ్ళుకున్నా, ముందు తినే మాత్రలన్నీ డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చేయించుకుని, నీళ్ళు తాగి మరీ కుళ్ళుకుంటాను.

కుళ్ళుకోవడానికి ఆయనంత తగినవాడు మాత్రం మళ్ళీ దొరకలేదు.