అక్క ‘కల్’ అనలేదు

ఒక మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. చిన్న హిందీ మాట. దాన్ని దించుకోవడానికి మీరు దొరికారు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. నాకు కావలసిందీ అదే.

మాది భిలాయి. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టాను, నోటికి హిందీయే ముందు వస్తుంది. తెలుగు అక్షరాలు అమ్మ పట్టుబట్టి నేర్పింది. చదువయ్యాక ఊళ్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. స్కూళ్లకు మార్కుల ప్రోగ్రాములు చేసి సర్వర్ మీద పెట్టడం మా పని. అక్కడ తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. నేనూ, సత్య అక్కా.

అక్కది చరోదా రైల్వే కాలనీ. నాకు పని నేర్పింది ఆవిడే. మౌస్ పక్కకు నెట్టి, నల్లటి తెర మీద ఒక్కో కమాండ్ కొడుతూ ఖాళీ మెషీన్‌ను సర్వర్‌గా నిలబెట్టడం ఆవిడ పక్కన కూర్చునే నేర్చుకున్నాను. ఎంటర్ నొక్కే ముందు, కొట్టినదాన్ని పైకి చదవమనేది. నాకు నవ్వొచ్చేది. బడిపిల్లాడినా ఏమిటి? పెదాలు కదిపి ఊరుకునేవాణ్ణి.

ఆ రోజు సర్వర్‌లో చోటు నిండిపోయింది. అందులో రెండు ఫోల్డర్లున్నాయి. ఒకటి, ముందురోజు మేం సరిచూసుకోవడానికి వేసిన ఉత్తుత్తి మార్కులు. రెండోది, మర్నాడు స్కూలుకు అప్పగించాల్సిన అసలు మార్కులు. టీచర్లు వారాల తరబడి కూర్చుని ఎక్కించినవి. మొదటిది తీసేస్తే గాని రెండోదానికి ఇంకో కాపీ పెట్టుకోవడానికి జాగా లేదు. అక్క తన కుర్చీలోంచే చెప్పింది.

“నిన్నటిది తీసెయ్ తమ్ముడూ. రేపటిది ముట్టుకోకు.”

తెలుగులోనే చెప్పింది. నాకు శుభ్రంగా వినపడింది.

ఫోల్డర్లకు తేదీలే పేర్లు. చివరి అంకె ఒక్కటే తేడా. ఆ అంకె తప్పు కొట్టాను. పైకి చదవలేదు. ఎంటర్ నొక్కాను. పోయినవి అసలు మార్కులు. అలా తీసేసినది చెత్తబుట్టలోకి కూడా పోదు, లేకుండా పోతుంది.

ఇంతవరకూ పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. మీకు చెప్పాలనుకున్నది ఇది కాదు.

సంగతి తెలిసి మా యజమాని వచ్చాడు. ఆయనకు హిందీ తప్ప రాదు. తీసెయ్యమని ఎవరన్నారని అడిగాడు.

“దీదీ నే బోలా, కల్ వాలా హటా దో,” అన్నాను. ‘కల్’ది తీసెయ్యమని అక్కే చెప్పిందని.

హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. ఏ కల్ అన్నది మిగతా మాటను బట్టి తెలుసుకోవాలి. నేను మిగతా మాట చెప్పలేదు. అనుకోకుండా అన్నానా? భయంలో నోటికొచ్చిన హిందీ అది, అంతేనా? అలాగే అనుకుందామని చాలాసార్లు చూశాను. కానీ ఆ మాట నోటి దాకా వచ్చాక, దాని వెనక దాక్కోవచ్చని నాకు తట్టింది. తట్టాకే అన్నాను. యజమాని అక్క వైపు తిరిగాడు. పనివాడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా చేతకాదా అని అందరి ముందూ అరిచాడు.

అక్క లేచింది. నా దగ్గరకు వచ్చింది.

“నానేటన్నాను తమ్ముడూ? నువ్వే సెప్పు.”

అందరూ నన్నే చూస్తున్నారు. అప్పటికైనా ‘నిన్నటిది’ అని ఒక్క ముక్క చాలు.

“కల్ అన్నావక్కా,” అన్నాను. తెలుగులో, ఆవిడ ముఖం చూస్తూ.

అక్క వెనక్కి తిరిగింది. సంచీ తీసుకుని వెళ్లిపోయింది. స్కూలువాళ్లు మాతో పని మానుకున్నారు, యజమాని అక్కను మాన్పించాడు. మా పని చేసే ఆఫీసులు ఈ ఊళ్లో ఎన్నని? అన్నిచోట్లా ఆవిడకు ‘కల్ వాలీ దీదీ’ అని పేరు పడింది. జోకులా చెప్పుకునేవాళ్లు. నేనూ నవ్వాను ఒకసారి. సర్వర్ పని ఆవిడకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

మొన్న చలికాలంలో భిలాయి-3 స్టేషన్లో కనిపించింది. జాముల్‌లో ఎవరో కాంట్రాక్టరు దగ్గర గేటు పాసులు రాస్తోందట. “బాగున్నావా అక్కా?” అన్నాను.

“ఠీక్ హూఁ భయ్యా. ఆప్ కైసే హైఁ?”

తెలియని మనిషితో మాట్లాడినట్టు, హిందీలో, మర్యాదగా. నాకు ఏడుపు రాలేదు. గుండె కూడా గట్టిగా కొట్టుకోలేదు. బండి వచ్చింది, ఆవిడ ఎక్కింది, నేను టీ తాగాను. ఇలా మొద్దుబారిపోయానేమిటని ఇంటికొచ్చాక అనుకున్నాను. అనుకుని పడుకున్నాను.

ఇప్పుడు అక్క కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. ఆవిడ అన్నది నిన్నటిదనే, అబద్ధమాడింది నేనే. రాసేసరికి భుజాలు కాస్త తేలికయ్యాయి, కాదనను. ఇదే సంగతి హిందీలో ఒక్క వాక్యం చెబితే యజమానికి చేరుతుంది. నేను తెలుగులో రాశాను. మా ఆఫీసులో తెలుగు చదవగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. అది తెలిసే రాశాను.