అరువు చెయ్యి

నరసరావుపేటలో బస్సు దిగి మా ఊరి ఆటో ఎక్కానో లేదో, ఇంటికి చేరేదాకా ఆగలేక పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమెకే చెప్పేశాను. నేను రాసిన పరిశోధన వ్యాసాన్ని వేరే దేశాల డాక్టర్లు వాళ్ల వ్యాసాల్లో ఆధారంగా చూపిస్తున్నారని. ఆమె కూరగాయల సంచి ఒళ్లోకి లాక్కుని, "మంచిదేలేమ్మా, జీతం పెరుగుద్దా?" అంది.

మా ఇంట్లో నాకు ముందు కాలేజీ మొహం చూసినవాళ్లు లేరు. రక్తపోటు మీద పరిశోధన అంటే మా నాన్న చాలాకాలం "మా అమ్మాయి బీపీ చూసుద్ది" అనే చెప్పుకున్నాడు ఊళ్లో. అది కూడా నిజమే. మా కాలేజీ వాళ్ల అనుమతితో, మా అమ్మతో మొదలుపెట్టి మా వీధిలో బీపీ ఉన్న ఇళ్లన్నిటికీ చిన్న మిషన్లు ఇచ్చాను. రోజూ పొద్దున చేతికి పట్టీ చుట్టుకుని, వచ్చిన అంకెను ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాలి. మొదట్లో అంకెలు భయపెట్టాయి. తర్వాత ఒక్కో ఇంట్లోనే తగ్గుతూ వచ్చాయి. ఇంట్లో రోజూ చూసుకుంటే చాలు, మనిషి తనంతట తానే జాగ్రత్త పడతాడు, బీపీ అదుపులోకి వస్తుంది అని రాశాను. అన్ని ఇళ్లలోనూ ఒకే తీరుగా తగ్గడాన్ని మరీ గట్టిగా రాశాను. అందరికీ నచ్చింది కూడా అదే.

నేను వెళ్లేసరికి అమ్మా, పక్కింటి పిన్నీ పంచలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. రంగుపోయి తెల్లబడ్డవి ఒక పక్కకు, ఎర్రటివి ఒక పక్కకు. నాన్న మంచం మీద ఉన్నాడు. నా వ్యాసాన్ని ఎంతమంది చూపించారో చెప్పులు కూడా విప్పకుండా చెప్పాను.

"అంటే ఓట్ల మాదిరా?" అన్నాడు నాన్న. పంచాయతీ ఎన్నికలప్పుడు ఆయన బూత్ దగ్గర ఏజెంటుగా కూర్చునేవాడు.

"దాదాపు అంతే నాన్నా."

"ఎవురేశారు? మనోళ్లేనా?"

"మనోళ్లు కాదు. ఎక్కడో సముద్రాల అవతలోళ్లు. నేనెవరో కూడా తెలియదు వాళ్లకి."

"అయితే దొంగోట్లు కాదులే," అన్నాడు తృప్తిగా.

పిన్ని పకపకా నవ్వింది. "ఏమే, మరి నాకేం పెడతన్నావ్? అయ్యన్నీ నా చేతి మీద వచ్చినయ్యేగా!"

అమ్మ ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది. "నోరు మూసుకోవే."

నేను కూడా నవ్వుతూనే అడిగాను. "నీ చేతి మీదేంది పిన్నీ?"

"నాకు బీపీ లేదుగా. మీ అమ్మ పొద్దున్నే మిషను పట్టుకొని వచ్చేది. పట్టీ నాకు చుట్టి ఫొటో నీకు కొట్టేది. మీ అమ్మని చూసి ఎదురింటోళ్లు. వాళ్లని చూసి మిగతావోళ్లు. పొద్దున్నే నా గుమ్మంలో రేషను షాపు కాడ ఉన్నట్టు ఉండేదనుకో. టీ పెట్టుకోనిస్తే గదా!"

అప్పటికి కూడా వాళ్లిద్దరి మొహాల్లో నవ్వే ఉంది. నా నవ్వు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

"ఎందుకమ్మా?"

"ఎక్కువొచ్చిన రోజు ఫోన్లో నీ గొంతు ఎట్టా అయిపోయేదో నీకేం తెలుసు? తక్కువొస్తే ఎగిరి గంతేసేదానివి. నీ పరీక్షాయె. మేం తప్పనిస్తామా నిన్ను?"

"అది నా పరీక్ష కాదమ్మా."

"మరి ఎవురిది?" అని అడిగింది. తర్వాత చేతిలోని తాలుకాయ చూపించింది. "ఇది పట్టుకుపోయి మిర్చి యార్డులో రేటు అడుగుతామా ఎవరమన్నా?"

లోపలికి వెళ్లి మిషన్ తెచ్చి పట్టీ అమ్మ చేతికి చుట్టాను. మిరపకాయల ఘాటుకు ఇద్దరికీ దగ్గొచ్చింది. అంకె చూసి నమ్మలేక, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. ఇంకా ఎక్కువ వచ్చింది. పిన్ని చేతి ఫొటోలు చూసే నరసరావుపేటలో డాక్టరు అమ్మ మాత్ర తగ్గించాడు.

"ఇది ఫొటో తియ్యమాకే," అంది అమ్మ మెల్లగా.

ఆ వారంలోనే పత్రికకు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. వ్యాసం పేరు పక్కన 'ఉపసంహరించబడింది' అని వేశారు. నాన్న అడిగాడు, "ఓట్లన్నీ పోయినట్టేనా?" పోవు నాన్నా అన్నాను. పోతే బాగుండేది. ఆ మాట చదివేవాళ్లెవరు? ఒకరు చూపించారని ఇంకొకరు, వాళ్లు చూపించారని మరొకరు, మా వీధిలో పిన్ని గుమ్మం ముందు నిలబడ్డట్టే నిలబడుతున్నారు. ఏ ఊళ్లోనో ఏ డాక్టరో, మిషనొకటి కొనుక్కో చాలని ఎవరమ్మకో చెబుతూనే ఉంటాడు.

అమ్మకు మాత్ర మళ్లీ పెంచారు. కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయని పరీక్షలో తేలింది. ముందే తెలిసుంటే బాగుండేదని ఆస్పత్రిలో డాక్టరు నాతో అన్నాడు, నేనేం రాశానో తెలియక.

మొన్న ఆస్పత్రిలో నర్సు అమ్మ చేతికి పట్టీ చుడుతుంటే నా ఫోన్ మోగింది. ఇంకెవరో నా వ్యాసాన్ని ఆధారంగా చూపించారని మెసేజి.

"ఎవురే?" అంది అమ్మ.

చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. "పిన్నికి ఫోన్ చేసి చెప్పవే..."

"మాట్లాడబాక పెద్దమ్మా, ఎక్కువ చూపిచ్చుద్ది," అంది నర్సు.

అమ్మ గబుక్కున నోరు మూసుకుంది. అంకె వచ్చేదాకా కదలకుండా నా మొహం వంకే చూస్తూ కూర్చుంది.