మిషనుకి సారీ చెప్పండి

బాబాయి పాత కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. బాగుచేసిన మిషనుని ఇంటికి తీసుకెళ్ళాలంటే మాత్రం, దాని సొంతదారు మొదట ఆ మిషనుకి సారీ చెప్పాలి. చెప్పకపోతే ఇవ్వడు. హోదా ఉన్నవాళ్ళైనా సరే, ఏడ్చేవాళ్ళైనా సరే.

ఆయన లెక్కలో మిషను తప్పు చెయ్యదు. యాభై అరవై ఏళ్ళుగా మూడేసి పొరల బొంతలు కిక్కురుమనకుండా కుట్టిపెట్టిన మిషను ఉన్నట్టుండి మొరాయించిందంటే, ఎవరో దాన్ని కష్టపెట్టే ఉంటారని ఆయన సిద్ధాంతం. షాపు ముందుగదిలో దారాలూ గుండీలూ అమ్మే పిన్నికి, అంటే బాబాయి భార్యకి, ఈ సిద్ధాంతం పేరు చెబితేనే ఒళ్ళు మండేది.

ఒకసారి ఒకావిడ చక్రం కదలని మిషను పట్టుకొచ్చింది. బాబాయి మూత తీసి వాసన చూశాడు.

"ఏం నూనె పోశారమ్మా?"

"వంటనూనే బాబాయిగారూ. ఇంట్లో అదే ఉంది."

"ఇందులో ఏమన్నా వేయించుకుందామనుకున్నారా?"

జిగురులా గడ్డకట్టిన ఆ నూనెని కిరసనాయిలుతో కడిగి వదిలించడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆవిడ మిషను ముందు నిలబడి, "ఇంకెప్పుడూ పొయ్యను తల్లీ" అని లెంపలు వేసుకుంటే గానీ వదల్లేదు.

పళ్ళ డాక్టరు తన తల్లి మిషను తెచ్చినప్పుడు ఇంకా రసవత్తరంగా జరిగింది. గుడ్డని ముందుకి నెట్టే పళ్ళు సూది కింద ఉంటాయి. వాటి సందుల్లో బొంతల దూది గట్టిగా దట్టించుకుపోయింది. బాబాయి సూదితో గీకి గీకి, గుప్పెడు దూది తీసి డాక్టరు అరచేతిలో పెట్టాడు.

"మీకు పళ్ళ పనే కదండీ. ఒక్కసారైనా నోరు తెరిచి చూడబుద్ధి కాలేదా?"

డాక్టరు సారీ చెప్పి, ఆరునెలలకోసారి శుభ్రం చేయిస్తానని మిషనుకి మాట కూడా ఇచ్చి వెళ్ళాడు. తిరగని చక్రాన్ని సుత్తితో బాదిన బ్యాంకు మేనేజరు మాత్రం అరగంట భీష్మించుకు కూర్చున్నాడు.

"ఇనుముకి సారీ ఏంటండీ? నా పరువేం కాను?"

"సుత్తి ఎత్తినప్పుడు పరువు గుర్తురాలేదా? చెప్పండి. గోడకి కాదు, ఇటు తిరిగి."

చివరికి ఆయన మింగలేక కక్కలేక "సారీ" అన్నాడు. బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మిషనుకి వినబళ్ళేదట" అన్నాడు. రెండోసారి చెప్పించుకున్నాడు.

"మీ పిచ్చికి జనం దణ్ణం పెట్టి పారిపోతారు" అనేది పిన్ని.

"పారిపోతే మిషను మోసుకుంటూ పారిపోవాలి. ఎంత దూరం పోతారే?" అనేవాడు బాబాయి.

అలాంటి షాపుకి ఒకరోజు తోడికోడళ్ళ మిషను వచ్చింది. అత్తగారి నాటిది. ఆ మిషను మీదే పెద్దకోడలూ చిన్నకోడలూ పదేళ్ళుగా కలిసి బొంతలు కుడుతున్నారు. ఒకరు ముక్కలు జతచేస్తే ఇంకొకరు పొరలు కుడతారు. పిన్ని కప్పుకునేది కూడా వాళ్ళు కుట్టిన బొంతే. అంత బాగా కుట్టే మిషను ఇప్పుడు బెత్తెడు కుట్టగానే దారం ఫట్టున తెంపుతోంది.

మోసుకొచ్చింది ఇద్దరూ కలిసే. ఇద్దరి మధ్యా మాటల్లేవు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉన్నారు.

"పిన్నిగారూ, వచ్చే గురువారానికి అవ్వకపోతే పాత ఇనుముకి వేసేస్తామని ఆవిడకి చెప్పండి" అంది పెద్దకోడలు, పక్కనే ఉన్న తోడికోడల్ని చూడకుండా.

"వేసేసుకోమనండి. ఎవరి బొంత వాళ్ళు చేత్తో కుట్టుకుంటాం" అంది చిన్నకోడలు గోడకేసి చూస్తూ.

ఆ మిషను పోతే ఆ ఇద్దరూ మళ్ళీ ఒకచోట కూర్చునే దారే లేదు. ఇద్దరికీ వంటలు వేరుపడి మూడు నెలలైంది.

"ఏమండీ, ఈసారికి మీ సారీ గోల పెట్టకండి. గమ్మున బాగుచేసి ఇచ్చెయ్యండి. వాళ్ళసలే కుతకుత ఉడికిపోతున్నారు" అని పిన్ని బతిమాలింది.

"నియమం నియమమే" అన్నాడు బాబాయి. ఎనిమిది రోజులు మిషను గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది. బాబాయి దాని మీద చెయ్యి వెయ్యగా పిన్ని ఒక్కసారీ చూడలేదు.

గురువారం, బాబాయి రమ్మన్నట్టే, తొమ్మిదిముప్పావుకి చిన్నకోడలు వచ్చింది. "లోపల వెలుతురు బాగుంటుంది, ఈ పది సూదుల్లోకీ దారం ఎక్కించిపెట్టమ్మా, నా కళ్ళు ఆనడం లేదు" అని బాబాయి ఆమెని తెర వెనక కూర్చోబెట్టాడు. పదింటికి పెద్దకోడలు వచ్చింది.

"అయిందా బాబాయ్?"

"అయింది. సారీ చెప్పి తీసుకెళ్ళు."

"సారీ" అంది ఆవిడ మిషనుతో, ఒక పనైపోయిందన్నట్టు.

"అలా కుదరదు. పెద్దప్రాణం, చాదస్తం ఎక్కువ. ఏం చేశావో చెప్పి అడగాలి."

పెద్దకోడలు మిషను ముందుకి ఒంగింది. తరవాత గొంతు తగ్గించి మిషనుతో అంది: "పైదారం బిగించింది నేనే. ఆవిడ కుట్టేటప్పుడు తెగాలని."

"ఎందుకు బిగించావో అడుగుతోంది" అన్నాడు బాబాయి.

"మూడు నెలలనుంచీ నాతో మాట్లాడట్లేదుగా మరి! ఆ రోజు బొంత చూడ్డానికొచ్చినావిడ ఎంత బాగుందో అంటే, ‘నేనే కుట్టాను’ అన్నాను. నోరుజారి అన్నానంతే. ‘మేం’ అనాల్సింది. అనుకుంటూనే ఉన్నా. చెప్దామంటే నా మొహం చూస్తేగా..."

తెర ఒక్క గుంజుడుకి పక్కకి పోయింది. చిన్నకోడలి చేతిలో దారం వేలాడే సూది ఉంది.

"‘మేం’ అంటే నోరు పడిపోయేదా అక్కా?"

"అమ్మో! నువ్విక్కడేం చేస్తున్నావే?"

"నేను ఎక్కడుంటే నీకేం? పదేళ్ళూ పొరలు కుట్టింది నేనా, గోడా?"

"నువ్వేలే తల్లీ! అదేగా చెప్తున్నా మిషనుకి!"

"మిషనుకెందుకు, నాకు చెప్పు!"

పెద్దకోడలు చెప్పింది. చెబుతూ ముక్కు చీదింది. చిన్నకోడలు ఏడుస్తూ, తల దించుకుని మిషను పక్కన చతికిలబడింది.

"కింద దారం పెట్టే బాబిన్ డబ్బీ మీది చిన్న స్క్రూ బిగించింది నేనే అక్కా. నీ కుట్టు ముడతలు పడాలని."

"ఓసి నీ దుంపతెగ! అందుకేనా, పైదారం ఎంత బిగించినా బిగువు చాలట్లేదు!"

పైన ఆవిడా కింద ఈవిడా పోటీలు పడి బిగిస్తే, మధ్యలో దారం పాపం ఎన్నాళ్ళని ఆగుతుంది? ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొద్దుటిదాకా మొగుణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇంతకీ మీకెప్పుడు తెలిసింది?" అంది బాబాయి పక్కకి చేరి.

"మూత తియ్యగానే. రెండు స్క్రూలు వదులు చెయ్యడానికి అరనిమిషం పట్టింది."

"మరి ఎనిమిది రోజులు?"

"అరనిమిషంలో ఇచ్చేస్తే సాయంత్రానికల్లా మళ్ళీ బిగించేవాళ్ళు. మనిషికి సారీ చెప్పాలంటే అందరికీ నామోషీయే. మిషనుకైతే పర్వాలేదనుకుంటారు. పక్కన ఎవరు వింటున్నారో చూసుకోరు."

ఈలోగా తోడికోడళ్ళు మిషను ఎత్తుకుని వీధిలోకి నడిచారు. పది అడుగులు వేశారో లేదో కేకలు మొదలయ్యాయి. బరువు వైపు నేను పట్టుకుంటానంటే నేనని ఒకరు, నీ నడుం సంగతి నాకు తెలీదా అని ఒకరు, నా నడుం జోలికొస్తే ఊరుకోనని ఒకరు.

"అయ్యో, మళ్ళీ మొదలెట్టారండీ!" అని పిన్ని గుమ్మంలోకి పరిగెత్తింది.

బాబాయి అప్పటికే ఇంకో మిషను మూత తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కానీవే. మూడు నెలలు మాటల్లేవుగా, ఎన్ని పోట్లాటలు మిగిలిపోయాయో పాపం."

పిన్ని గుమ్మానికి చేరగిలబడి, వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా ఆ పోట్లాట చెవులారా విన్నది.